ఎవరి గడపా కాని చోటు

పందిరిగూడెం
మాఘ పున్నమి వెళ్ళిన మరునాడు

పోచయ్యకు అన్న సోమన్న రాసేది.

నీవు ఇస్రాయేలు అని పేరు మార్చుకున్నావని విన్నాను. మార్చుకో. అమ్మ నిన్ను కన్ననాడు పెట్టిన పేరు పోచయ్య. నేను ఆ పేరుతోనే తిడతాను.

పంతొమ్మిదేళ్ళ నుంచి ఒక సంగతి నా రొమ్ములో దిగి ఉంది. ముందు అది తీసి నీ ముందర పారేస్తాను, తర్వాత పని మాట. దొర మూటలు నెత్తిన పెట్టుకొని జనగామ టేసనుకు వెట్టికి పోయినవాడివి, మూటలు అక్కడ దింపి రైలెక్కావు. నీ పెండ్లాం పిల్లలు అంతకు ముందే పుట్టింటికి చేరారు. అంటే అంతా అనుకునే పోయావు. మరునాడు గడీవాళ్ళు నీ బదులు నన్ను పట్టుకుపోయారు. ఎండలో వంగబెట్టి నడుము మీద బండ పెట్టారు. పొద్దు నెత్తికి వచ్చే వేళకు రెండు పక్కటెముకలు పుటుక్కున విరిగిన చప్పుడు నా చెవికే వినబడింది. నాయిన వచ్చి "నా కొడుకును ఇడువుండ్రి, ఆ బండ నా మీద పెట్టుండ్రి" అని కాళ్ళ మీద పడ్డాడు. గుమాస్తా చెప్పుకాలితో తన్నాడు. ఎక్కడ తగిలిందో ఏమో, తొమ్మిదో నాడు నెత్తురు కక్కి చచ్చిపోయాడు. గోతిలో పెట్టి మట్టి వేసింది నేను. నీవు రాలేదు.

నాయిన మట్టి చేతిలో పట్టుకొని వాడంతా వినేటట్టు ఒట్టు పెట్టాను. నేను, నా కడుపున పుట్టినవాళ్ళు నీ గడప తొక్కము. నీవు, నీవాళ్ళు నా గడప తొక్కవద్దు. నీ కుండ కూడు మాకు మన్ను, మా కుండ కూడు మీకు మన్ను. ఆ ఒట్టు ఇప్పటికీ ఉంది. నేను పోయిందాకా ఉంటుంది.

ఇక పని మాట. నా కొడుకు గుర్వయ్యకు మనుమడు పుట్టాడు. అంటే అమ్మ బక్కమ్మ ఐదో తరాన్ని చూసింది. వాడి పుట్టు వెంట్రుకలు తీయాలి. తీద్దామంటే ముసలిది మొండికేసింది. "నా కడుపుల పుట్టినోళ్ళు, ఆళ్ళ కడుపుల పుట్టినోళ్ళు, అందరు ఒక్క బంతిల కూసొని తినాలె. పోచడు గూడ ఉండాలె. గది సూడంది నేను సావ" అంటుంది. నేను కుదరదన్నాను. మూడు దినాలు ముద్ద ముట్టలేదు. నాలుగో దినం నేనే ఓడాను.

నా ఇంట్లో కాదు, నీ ఇంట్లో కాదు. పట్నంలో కూడు వండి అమ్మే ఇళ్ళు ఉంటాయట, హోటళ్ళు అంటారట. అది ఎవరి గడపా కాదు, ఎవరి కుండా కాదు. నాయిన మట్టి కూడా తప్పు పట్టదు. నీవు అక్కడ ఉండేవాడివి, ఒకటి చూడు. అమ్మతో కలిసి మేము ఇరవై తొమ్మిది మంది. నీవాళ్ళు పద్నాలుగు అని గాజుల సైదమ్మ చెప్పింది. నలభై ముగ్గురికీ ఒక్కసారే వడ్డించాలి. మన కులం అడగకూడదు. మనకు వేరే లోటా పెట్టినవాడి నెత్తిన ఆ లోటా పగులుతుంది, ఇది ముందే చెప్పు.

టపాలో రాయకు. మా ఊరి టపా ముందు గడీలో విప్పుతారు. ఈ ఉత్తరం తెచ్చే గాజుల సైదమ్మ పట్నంలో గాజులు కొని జనగామ మీదుగా ఊళ్ళు తిరుగుతుంది. ఆమె గంపలో గాజుల కింద పెట్టి పంపు. నిరుడు సంఘంవాళ్ళు మన వాడలో బడి పెట్టినప్పుడు నేర్చుకున్న అక్షరాలు ఇవి. నా చేతి రాతే. ఇంకొకరి చేత రాయించలేదు.

సోమన్న


లాలాగూడ
మార్చి 3, 1946

అన్నకు ఇస్రాయేలు దండాలు. అమ్మ కాళ్ళకు వేరే దండాలు.

నీ ఉత్తరం చూసి నీ మరదలు సాలమ్మ, నేను ఇద్దరమూ కూర్చొని ఏడ్చాము. ఏడ్చిన తర్వాత నవ్వాము. ఎందుకంటే పంతొమ్మిదేళ్ళకు నీ తిట్లు విన్నాం. తిట్లలో ఉప్పు ఏమీ తగ్గలేదు.

టపా గడీలో విప్పుతారని ఇప్పుడు చెబుతున్నావు. నేను వచ్చిన కొత్తలో మూడు ఉత్తరాలు వేశాను. నాయిన సంగతి నాకు ఎనిమిది నెలలకు తెలిసింది, ఆ రోజు ఒకటి వేశాను. జవాబు రాకపోతే నీవు చింపి పారేశావనుకున్నాను. అవి గుమాస్తా చదివి నవ్వుకున్నాడన్నమాట. ఎందుకు పోయానన్న దానికి జవాబు నేను రాయను. రాయకూడని కారణం ఉంది.

హోటళ్ళ సంగతి. రైలు కార్ఖానాలో పని దిగిన తర్వాత వారం రోజులు తిరిగాను.

మొదటిది కాఫీ హోటలు. గాజు అలమారాలో లడ్డూలు, గోడకు దేవుళ్ళ పటాలు. పెద్ద గది ఉంది. "నలభై ముగ్గురం, విందు" అని చెప్పాను. యజమాని నా పేరు అడిగాడు, చెప్పాను. వెనక సందులో రేకుల చప్పరం ఉంది, అక్కడ కూర్చుంటే ఆకుల్లో పెట్టించి పంపుతానన్నాడు. "లోపల కుర్చీలు ఖాళీగనే ఉన్నయి గద" అన్నాను. పనివాడు ఒకడు నన్ను మెట్ల మీదికి నెట్టాడు. నేను వాడి చొక్కా పట్టుకున్నాను. ఇద్దరం కలిసే దొర్లాం. నాకు మోచేతి తోలు లేచిపోయింది, వాడికి పన్ను ఊడింది. వాడి పన్ను నా చొక్కా జేబులో పడి ఉంటే సాలమ్మ ఉతికేటప్పుడు చూసి కేకలు పెట్టింది.

రెండోది మిలిటరీ హోటలు. మాంసం బాగా వండుతాడు. కులం అడగడు కాని సాయంత్రమైతే సోల్జర్లు తాగి వస్తారు. నేను చూస్తుండగానే సీసా పగులగొట్టి ఒకడి చెంప చీల్చారు. పిల్లలను తీసుకుపోయే చోటు కాదు.

మూడోది సికింద్రాబాదు టేసను దగ్గర ఇరానీ హోటలు. పాలరాతి బల్లలు, నల్ల కుర్చీలు, గోడ నిండా అద్దాలు. సేటు గల్లా దగ్గర కూర్చొని ఈగలు తోలుతుంటాడు. మన పేర్లు చెబుతుంటే మధ్యలో ఆపాడు. "పేరు ఎందుకయ్యా? మంది ఎంత? గది చెప్పు" అన్నాడు. మధ్యాహ్నం రెండు గంటలు హాలు మనకే వదులుతానన్నాడు. అందరికీ ఒకే రకం కప్పులు. అందులోనే పోలీసు జమేదారు తాగుతాడు, అందులోనే రిక్షా తొక్కేవాడు తాగుతాడు. నా కంటితో చూశాను.

నాకు ఇది నచ్చింది. మాకు ఇప్పుడు ఉపవాస దినాలు వస్తున్నాయి. ఈస్టరు అయిన మరునాడు, ఏప్రిల్ 22, సోమవారం మధ్యాహ్నం అయితే మా అందరికీ సెలవు. మొదటి ముద్దకు ముందు నేను ప్రార్థన చేస్తాను. ఒక్క నిమిషం ఓపిక పట్టు.

నీ తమ్ముడు
ఇస్రాయేలు (పోచయ్య అని పిలిచినా పలుకుతాను)


పందిరిగూడెం
కాముని పున్నమి

పోచయ్యకు సోమన్న.

పన్ను ఊడగొట్టావని చదివి అమ్మ చప్పట్లు కొట్టింది. నేను కొట్టలేదు. ఒక్క పన్నుకే మురిసేది ఏముంది.

ఇరానీ హోటలు ఖాయం చెయ్యి. కాని కుర్చీలు నాకు నచ్చలేదు. బంతి అంటే నేల మీద కూర్చునేది. కుర్చీలో కాళ్ళు వేలాడేసి తింటే కూడు కడుపులోకి పోతుందా, కాళ్ళలోకి పోతుందా? బల్లలు అవతలికి జరిపించు. ప్రార్థన నిమిషం దాటితే నేను ముద్ద మింగేస్తాను, తర్వాత నీ దేవుడు నన్ను అనవద్దు.

మాంసం అక్కడ కొనవద్దు. తూకం వేసి కొన్న మాంసంతో చేసేది విందు కాదు. పెద్దింటివాడు తన మేకను తన చేత్తో ఒక్క దెబ్బకు కొట్టాలి. తలకాయ తల్లికి పోవాలి. నాయిన కొట్టాడు, నాయిన నాయిన కొట్టాడు. రెండు మేకపోతులను నిరుటి నుంచి సాకుతున్నాను. అవి వస్తాయి, నేను వచ్చి కొడతాను.

అసలు అవి ఈపాటికే నీ దగ్గరికి వచ్చి ఉంటాయి. దానికి కారణం విను.

పోయిన బుధవారం గుమాస్తా వచ్చాడు. దొర కూతురింట్లో పండుగట, మేకలు విప్పమన్నాడు. నేను చేనులో ఉన్నాను. గుర్వయ్య "అయి మా ముసలవ్వ బంతికి, ఇయ్య" అన్నాడట. "నీ అవ్వకు బంతేందిరా, గంజి పొయ్యి దానికి" అని వాడు తాడు పట్టుకున్నాడు. గుర్వయ్య గొడ్డలి తిరగేసి కామతో వాడి మణికట్టు మీద ఒక్కటి ఇచ్చాడు. చెయ్యి వేలాడింది. గడీవాళ్ళు ఆరుగురు వచ్చి గుర్వయ్యను బండి చక్రానికి కట్టి చింతబరికెలతో కొట్టారు. నేను పోయేసరికి వీపు మీద తోలు లేదు. నలభై ఐదేళ్ళవాడు, నోరు తెరవలేదు. దెబ్బ దెబ్బకూ బండి చక్రం వైపే చూశాడట. వాడి కోడలు పసుపు అద్దుతూ ఏడిస్తే, "ఏడవకు బిడ్డా, మేకలు దొరకలే ఆళ్ళకు" అన్నాడు. అమ్మ ఆ సందట్లోనే మేకలను చెలకల వెంబడి తోలించి దాచింది. ఎనభై ఐదేళ్ళు దానికి.

ఇక్కడ ఉంచితే మేకలూ దక్కవు, వాడూ దక్కడు. మరునాడే మేకలతో వాణ్ణి జనగామ దారి పట్టించాను. వాడికి ఏదైనా పని చూపించు. నీ ఇంట్లో పెట్టుకోకు. వాడికీ ఒట్టు ఉంది.

సోమన్న


లాలాగూడ
మార్చి 31, 1946

అన్నకు ఇస్రాయేలు దండాలు.

విందు ఇంకా ఐదు వారాలుండగానే మేకలు వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాయి. గుర్వయ్య గడప ఇవతలే నిలబడి "చిన్నాయినా, నేను లోపటికి రాను, జర నీళ్ళు బయటికి... వద్దులే, నీళ్ళు గూడ వద్దు" అన్నాడు. సాలమ్మ లోటా పట్టుకొని అక్కడే కూలబడింది. వాడు వీధి నల్లా దగ్గర తాగాడు. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. దవాఖానకు తీసుకుపోయి తడిపి ఊడదీయించాను. కంపౌండరు ఊరి పేరు అడిగి తల వంచుకున్నాడు.

ఇప్పుడు వాడు ఇరానీ హోటలు వెనక దొడ్డిలో మేకలతో ఉంటున్నాడు. సేటు వాణ్ణి గిన్నెలు తోమే పనికి పెట్టుకున్నాడు. అన్నం సేటుదే కాబట్టి నీ ఒట్టుకు దెబ్బ లేదు. ఒక మేక సేటు లెక్కల పుస్తకం అట్ట తినేసింది. "మేక కాదు ఇది, ఇన్‌కంటాక్సు" అని సేటు నవ్వాడు.

కాని పోయిన ఆదివారం నవ్వు చెడింది. మేకలను నీవు వచ్చి కొడతావని గుర్వయ్య చెప్పాడు. సేటు మర్యాదగానే చెప్పాడు: "మీ నాయిన కొడితే కొట్టనీ. కాని గది నా పొయ్యి మీదికి ఎక్కది. నా పొయ్యి మీద హలాల్ మాంసమే ఎక్కుతది. మా మనిషి కోస్తడు." గుర్వయ్య కొడవలి అందుకొని "మా నాయిన చెయ్యి పడంది మేక మీద ఎవని చెయ్యి పడ్డా నరుకుత" అన్నాడు. వంటవాళ్ళు అట్లకాడలు పట్టుకొని వచ్చారు. నేను మధ్యలో దూరాను. ఎవడిదో బల్ల కోడు నా కనుబొమ్మ మీద పడింది. ఐదు కుట్లు. నెత్తురు పాలరాతి మీద కారి అద్దాల్లో పది మంది ఇస్రాయేళ్ళు కారుతూ కనబడ్డారు. అది చూసి గుర్వయ్యే కొడవలి కింద పడేశాడు. సేటు తన తువాలు చింపి కట్టు కట్టాడు.

తువాలు కట్టించుకొని, సేటు మనిషే కోస్తాడని నేను మాట ఇచ్చాను. ఇవ్వకపోతే హోటలు లేదు. ఇంకో హోటలు ఈ పట్నంలో మనకు లేదు.

ఒక మాట నవ్వులాటకు అడుగుతాను. మేకలు నీవి కదా, మరి నేను తింటే నీ కూడు తిన్నట్టే కదా? అందుకే బియ్యం, నూనె, మసాలా నేను ఇస్తున్నాను. అప్పుడు ఇద్దరమూ సమానంగా మన్ను తిన్నట్టు.

బల్లలు జరపడు సేటు. పాలరాయి పగులుతుందట. నాకు కూడా కుర్చీలే కావాలి అన్నా. గడీ ముందు చెప్పులు చంకలో పెట్టుకొని నడిచిన మన అమ్మ ఒక్కనాడైనా కుర్చీలో కూర్చోవాలి.

ఇస్రాయేలు


పందిరిగూడెం
ఉగాది పోయిన మూడో నాడు

పోచయ్యకు.

నా కత్తిని నీవు దానం చేశావా? ఎవరు నీకు హక్కు ఇచ్చారు? పెద్దకొడుకును నేను. నాయిన చావు నేను మోశాను, బండ నేను మోశాను. వీటి కూలి కింద నాకు మిగిలింది ఆ ఒక్క దెబ్బ. అది కూడా తీసి సేటు వంటవాడికి ఇచ్చావు. నీ కనుబొమ్మ మీద ఐదు కుట్లు అయితే, నేను వస్తే ఇంకో ఐదు వేయించుకుంటావు. అవతలి కనుబొమ్మ కూడా సిద్ధం చేసి పెట్టుకో.

అయితే నేను రాను. ఎందుకు రానో విను.

గుర్వయ్య ఊళ్ళో లేడని గడీకి తెలిసింది. మేము అందరం పట్నం పోతున్నామని కూడా తెలిసింది. చెప్పింది ఎవరో కాదు, అమ్మే. చాకలి రేవు దగ్గర పదిమందికీ చెప్పుకొని మురిసింది. పండుగనాడు పొద్దున నన్ను తీసుకుపోయారు. గుమాస్తా చేతికి కట్టు ఉంది, ఇంకో చేత్తో మీసం దువ్వుతున్నాడు. "నీ తమ్ముడు పోయిండు, నీ కొడుకు పోయిండు. ఇగ వాడంత పోతదా?" అన్నాడు. "బంతికి పోతున్నం, తిని వస్తం" అన్నాను. "పోండ్రి. ఒకణ్ణి జామీను పెట్టి పోండ్రి. మూడో నాటి పొద్దుగూకేవరకు ఇరవై ఎనిమిది మంది తిరిగి లెక్కకు రాకపోతే, ఉన్నోని మీద బండ పెడుత. ఈసారి దించ" అన్నాడు.

జ్ఞాపకానికని ఒక గడియ బండ పెట్టి చూపించాడు కూడా. అదే బండ. అప్పుడు విరిగిన చోటే మళ్ళీ కలుక్కుమంది. దించిన తర్వాత వాడు వంగి నా చెవిలో ఏదో అనబోయాడు. నేను వాడి చెవి కొరికాను. కొరికిన ముక్క ఉమ్మేశాను. ఇంకా నోట్లో ఉప్పగా ఉంది. తర్వాత ఏం చేశారో అడగకు. కూర్చోలేను, అందుకే నిలబడి రాస్తున్నాను.

జామీను నేనే ఉంటాను. పెద్దవాణ్ణి నేను. ఈ నడుముకు ఆ బండ అలవాటే. అమ్మను, పిల్లలను పంపుతాను. నీవు దాని పక్కన కూర్చొని తిను. నీ మాట నెగ్గింది, నీ సేటు నెగ్గాడు. తలకాయ ముక్క నీవే తిను.

కుర్చీ మాట అమ్మకు చదివి వినిపించాను. "కుర్సీ మీదనే కూసుంట. గుమస్తగాడు కూసుంటడు, నాకేం ముండ్లున్నయా?" అంది. నా మాట అక్కడ కూడా పోయింది.

సోమన్న


లాలాగూడ
ఏప్రిల్ 9, 1946

అన్నా,

సైదమ్మ గాజులు దింపకుండానే ఉత్తరం ఇచ్చింది. నీవు గోడ పట్టుకొని నడుస్తున్నావని, మూత్రంలో నెత్తురు పడుతోందని ఆమె చెప్పింది. నీవు రాయలేదు.

కత్తి సంగతి ముందు. సేటుతో మళ్ళీ మాట్లాడాను. చెవి సంగతి కూడా చెప్పాను. చాలాసేపు ఈగలు తోలలేదు. తర్వాత, "ఒక మేక మా మనిషి కోస్తడు, గది నా పొయ్యి మీద. ఇంకొకటి దొడ్డిల మీ అన్న కొట్టుకోనీ. మూడు రాళ్ళు పెట్టుకొని బయట వండుకోండ్రి. గిన్నెలు మాత్రం మీవి తెచ్చుకోండ్రి. తెచ్చి నా బల్ల మీద పెట్టుకొని తినుండ్రి, నేను కండ్లు మూసుకుంట" అన్నాడు. నీ దెబ్బ నీకు ఉంది. తల అమ్మకు వస్తుంది.

ఇక జామీను. నీవు ఉండవు. నేను వచ్చి ఉంటాను. శనివారం బయలుదేరి వస్తాను. గుమాస్తాకు కావలసింది మొదటినుంచీ నేనే. ఆ బండ పంతొమ్మిదేళ్ళ కిందట నా పేరున ఎత్తింది. నీ నడుము మీద నా వంతు మోశావు. నా వంతు నేను మోస్తాను. నీవు అమ్మ పక్కన కూర్చొని తిను. ఊరి పొలిమేరలో నిలబడతాను, నీ గడప తొక్కను. సాలమ్మ ఏడుస్తోంది కాని ఆపడం లేదు.

నేను ఎందుకు పోయానో నీవు పంతొమ్మిదేళ్ళుగా మనసులో అడుగుతూనే ఉన్నావు. నాకు చెప్పే హక్కు లేదు. తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్న మనిషి నీ ఇంట్లోనే ఉంది. అమ్మను అడుగు.

నీ తమ్ముడు
పోచయ్య


పందిరిగూడెం
ఆదివారం, నవమి పండుగ దాటింది

పోచయ్యకు అన్న సోమన్న రాసేది.

శనివారం వచ్చావని చాకలి గుర్వమ్మ చెప్పింది. పొలిమేర రాయి దగ్గర నిలబడ్డావట. వాడవాళ్ళే గడీవాళ్ళ కంట పడకుండా నిన్ను బలవంతాన వెనక్కి తోలి జనగామ బండి ఎక్కించారట. వాళ్ళను పంపింది అమ్మ. నిన్ను ఈడ్చేటప్పుడు ఎవడో చెంప మీద కొట్టాడని విన్నాను. ఆ కొట్టినవాడు నా చిన్నకొడుకే. వాడికి నీవెవరో తెలియదు, తెలియకుండానే మంచి పని చేశాడు. మనసులో పెట్టుకోకు.

అమ్మను అడిగాను.

పొయ్యి ముందు కూర్చొని ఉంది. నీ ఉత్తరం చదివి వినిపించాను. మొదట వినబడనట్టు నటించింది. నేను నీళ్ళ కుండ కాలితో తన్నాను. అప్పుడు చెప్పింది.

"పోచని పెద్ద బిడ్డ బాలనర్సమ్మను గడీల పనికి అడిగిండ్రు. పన్నెండేండ్ల పిల్ల. గా గడీలకు పోయిన ఆడపిల్ల మల్ల ఏ ఇంటికైన వచ్చిందా? నేనే ఆన్ని పొమ్మన్న. సద్దిమూట కట్టిచ్చింది నేను."

"నాకెందుకు చెప్పలె?" అన్నాను.

"నీకు చెప్తె గొడ్డలి పట్టుకొని పోతువు. గడీ ముందటనే నిన్ను సంపుతురు."

"ఆడు పోతె నన్ను పట్టుకుపోతరని నీకెరుక లేదా?"

పొయ్యిలోకి కట్టె ఎగదోసింది. తర్వాత, "ఎరుకనే కొడుక. నీ ఒళ్ళు దెబ్బలకు ఆగుతది అనుకున్న. మీ నాయిన అడ్డం పోతడని అనుకోలె" అంది.

పోచయ్యా, ఆ ముసలిదాని మీదికి చెయ్యి ఎత్తాను. అబద్ధం రాయను. ఎత్తిన చెయ్యి దూలానికి కొట్టాను. వేళ్ళు వాచాయి. అందుకే ఈ అక్షరాలు ఇట్లా ఉన్నాయి. అమ్మ కళ్ళు మూయలేదు, తల తిప్పలేదు. "కొట్టు. కాని జామీను మాట ఎత్తకు. గప్పుడు ఒకణ్ణి పంపిచ్చిన, ఒకణ్ణి అప్పజెప్పిన. ఇప్పుడు ఎవ్వన్ని అప్పజెప్ప. బంతిల ఒక్క జాగా ఖాళీ ఉన్నా నేను తినను" అంది.

కాబట్టి ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా విను. మేము జామీను పెట్టము. ఎవరమూ మిగలము. వచ్చే ఆదివారం తిరుమలగిరి అంగడి. ఇద్దరు ఇద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా అంగడికి పోతున్నట్టే పట్టపగలు పోతాము. గంపలు, కోళ్ళు, పాత గోనెలు పట్టుకొని. అంగడి నుంచి జనగామకు. అమ్మ కట్టెల బండిలో వస్తుంది. సోమవారం పొద్దున రైలు. గొడ్డలి పదును పెట్టాను. వెనకనుంచి గుమాస్తా గుర్రం వస్తే నేను దారిలో ఆగుతాను. ఈసారి చెవితో వదలను. వాడు చస్తే నేను రైలెక్కను, మిగిలినవాళ్ళు ఎక్కుతారు. రాకపోతే నేనూ వస్తాను.

తిరిగి పోము. పోతే ఇరవై తొమ్మిది మందికీ బండలు వెతకాలి గుమాస్తా. వదిలిపోయేది ఏముంది? ఈ గుడిసెలు వాళ్ళ భూమి మీదివే. నాయిన మట్టి ఒక్కటే నాది. ఒక గుప్పెడు మూట కట్టాను.

నా దెబ్బ నాకు మిగిల్చినందుకు సేటుకు దండం చెప్పు. చెయ్యి వాచినా ఒక్క వేటే పడుతుంది. నడుము వంగకపోయినా మేక వరకు వంగుతుంది.

ఇక అసలు మాట. రాయడానికి రెండు దినాల నుంచి చూస్తున్నాను.

హోటలు రెండు గంటలే మనది. తిన్న తర్వాత ఇరవై తొమ్మిది మంది టేసను ముందర నిలబడతాము. వాళ్ళలో ఆరుగురు చంటిపిల్లలు. అక్కడ నుంచి పోవడానికి మాకు ఒక్క ఇల్లే ఉంది. ఆ ఇంటి గడప తొక్కనని నాయిన మట్టి పట్టుకొని ఒట్టు పెట్టినవాణ్ణి నేనే. తప్పు లేనివాడి మీద పెట్టిన ఒట్టు అది అని ఇప్పుడు తెలిసింది. అయినా పెట్టిన ఒట్టు నా అంతట నేను తీయలేను. నన్ను లోపలికి రానీ అని నీ గుమ్మం ముందు నేను అడగను. ఈ నోటికి అది రాదు. బండ పెట్టినప్పుడు కూడా దించమని అడగలేదు.

నీవే అడగాలి. హోటలు మెట్ల మీద, నా మనుమల ముందర, నీ అల్లుళ్ళ ముందర, నా చెయ్యి పట్టుకొని ఇంటికి రా అన్నా అని అనాలి. నేను రాను అంటాను. రెండోసారి అనాలి. మళ్ళీ రాను అంటాను. మూడోసారి అనాలి. అప్పుడు ఒట్టు నీవు తీసినట్టు అవుతుంది, నేను తప్పినట్టు కాదు.

మూడుసార్లు అంటావా? అననంటే అదీ రాయి. మీ కార్ఖానా వెనక రైలు కట్ట కింద పడుకుంటాము, నీ మీద కోపం పెట్టుకోను. కాని తెలియకుండా అమ్మను బండి ఎక్కించను.

గురువారం సైదమ్మ తిరిగి వస్తుంది. ఆ నాడు పొద్దుగూకేలోపు నీ జవాబు నా చేతిలో ఉండాలి. శుక్రవారం వద్దు. ఎక్కువ రాయకు. అంటాను అనో, అనను అనో రాయి.

సోమన్న